వేలెడు నురగ

మా పాత కాలేజీ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక సంతాప సందేశం వచ్చింది. హిందీలో ఉంది. చుట్టూ నల్ల అంచు, మూలన ప్రమిద బొమ్మ. రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ళ తరబడి గాజుసామాను కడిగి, మౌనంగా, వినయంగా సేవ చేసిన దీదీ ఇక లేరని దాని సారాంశం. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు తరవాతెప్పుడో వచ్చింది, ముందు మంటే వచ్చింది. గాజుసామాను కడిగిన మాట నిజమే, కాదనను. మిగతా రెండూ పచ్చి అబద్ధాలు. ఆవిడ మౌనంగా ఉండగా నేను చూసింది రెండే సందర్భాల్లో. మంచులో పెట్టిన బీకరు రంగు మారుతున్నప్పుడు ఒకటి, అన్నం తింటున్నప్పుడు ఒకటి. ఇక వినయం ఆవిడ ఒంట్లో ఏ మూల దాక్కునేదో నాకైతే ఎప్పుడూ కనబడలేదు. ‘వినయంగా అన్న మాట తీసెయ్యండి’ అని గ్రూపులో రాశాను. దానికీ ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైతే ఎవరూ అడ్డం రారు.

అందరూ ఆవిడని దీదీ అనేవాళ్ళు. నేను అప్పా అనేదాన్ని. మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటారు. వాళ్ళ తాతా మా తాతా విజయనగరం వైపు నుంచి రైలు పట్టాల వెంట పని వెతుక్కుంటూ రాయపూర్ చేరినవాళ్ళే. మావాళ్ళు రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. వాళ్ళవాళ్ళు ఊళ్ళోనే గుఢియారీ పేటలో సబ్బుపొడి తయారీలోకి దిగారు. నేను పీహెచ్‌డీకి చేరిన మొదటిరోజు ల్యాబులో ఆవిడని హిందీలో ఏదో అడగబోతే, నా మొహం ఎగాదిగా చూసి, “తెలుగు గుంటవి కాదేటి? హిందీలో ఎందుకే అవస్థ పడతన్నావు?” అంది. నేను రాయపూర్‌లోనే పుట్టి పెరిగాను, నా హిందీ నిక్షేపంలా ఉండేది. ఆ మాటే చెప్పాను.

“నాకు అవస్థగానే ఇనపడతంది,” అని తేల్చేసి వెళ్ళిపోయింది.

పొట్టి మనిషి. నేత చీర మీద ఏ మగవాడికో కుట్టిన ఖాకీ కోటు వేసుకుని చేతులు మోచేతుల దాకా మడుచుకునేది. కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేలాడేసుకునేది. చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. కానీ సీసాల మీద ఇంగ్లీషు పేర్లు అక్షరం పొల్లు పోకుండా చదివేది. కొత్తగా చేరిన లెక్చరర్లు తడబడితే పక్కనుంచి అందించేది. అందించి, వాళ్ళ మొహం ఎర్రబడిందా లేదా అని చూసేది.

ఆవిడ వేళ్ళు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. సబ్బుతో కడిగితే ఆ పచ్చ నీలంగా మారేది. మధ్యాహ్నం పెరుగన్నంలోకి నిమ్మకాయ ఊరగాయ నంజుకోగానే మళ్ళీ పచ్చబడేది. మా ల్యాబులో తయారయ్యే పదార్థం గుణమే అంత. ఆమ్లం తగిలితే పచ్చ, ఆమ్లం పోతే నీలం. కొత్తగా వచ్చిన పిల్లలు అది చూసి నోళ్ళు వెళ్ళబెడితే ఆవిడ ఇంకో ముక్క ఊరగాయ వేసుకుని ఇంకో వేలు చూపించేది. ఆ రంగు పోదా అని ఒకసారి అడిగాను.

“పోడానికేటి, పోద్ది. నాను పోగొట్టుకోవాల గదా.”

ఆ పచ్చ పదార్థం సంగతి చెప్పకపోతే ఆవిడ సంగతి తెలియదు. ప్లాస్టిక్‌లో కరెంటు పారదని బళ్ళో చదువుకున్నాం. పారే రకాలు ఉన్నాయి. నేను పరిశోధనకి చేరడానికి కొన్నేళ్ళ ముందే, మా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఏడాదే, వాటిని కనిపెట్టినవాళ్ళకి ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతి వచ్చింది. దాంతో మా గైడు గారికి కూడా వాటి మీద మనసు పడింది. అనిలిన్ అనే ద్రవం ఉంటుంది. దాని అణువుల్ని గొలుసుగా కట్టి, ఆ గొలుసుకి ఆమ్లం తగిలిస్తే ముదురు పచ్చ పొడి వస్తుంది. అందులో కరెంటు పారుతుంది. అంతవరకూ ఎవరైనా చేస్తారు. చిక్కల్లా ఆ పొడి దేంట్లోనూ కరగదు, వేడిచేసినా కరగదు. కరగనిదాన్ని రంగులా పూయలేం, పొరలా పరచలేం. జైలీన్, క్లోరోఫామ్ లాంటి సేంద్రియ ద్రావణుల్లో చక్కగా కరుగుతూ, ఆరాక కరెంటు కూడా పారనిచ్చే రకం తయారుచెయ్యడం నా పని. అది తయారైతే నాకు డిగ్రీ, లేకపోతే లేదు. నాకంటే ముందు ఇద్దరు ఆ పొడితో కుస్తీ పట్టి, వదిలేసి వెళ్ళిపోయారు.

నేనూ రెండేళ్ళు పట్టాను. ఏ ద్రావణిలో వేసినా పొడి కాసేపు గిరగిర తిరిగి, అడుగుకి చేరి కూర్చునేది. పైన ద్రవం కొంచెం పచ్చగా కనబడగానే నేను సంబరపడిపోయి గైడు గారిని పిలవబోయేదాన్ని. అప్పుడు వెనక నుంచి వినబడేది ఆ ప్రశ్న.

“కరిగిందా, తేలిందా?”

ఇది ఆవిడ రోజూ అడిగే మాట. గరాటులో ఫిల్టర్ కాగితం మడిచి పెట్టి, నా చేతిలోంచి బీకరు లాక్కుని పోసేది. పచ్చదనమంతా కాగితం మీదే ఉండిపోయి, కిందకి నీళ్ళలాంటి ద్రవం దిగేది. “తేలింది,” అనేది ఏమాత్రం జాలి లేకుండా. కాగితం తీసి నా బల్ల మీదే ఆరేసేది. రెండేళ్ళలో నా బల్ల చుట్టూ అలాంటి పచ్చ కాగితాలు తోరణంలా వేలాడాయి. తీసేద్దామంటే ఒప్పుకునేది కాదు.

ఆ ప్రశ్న మనుషుల మీదికి కూడా వేసేది. కొత్త లెక్చరర్ వచ్చి నెలయితే, “ఈ బాబు కరిగినాడా, తేలినాడా?” ఇద్దరు పెళ్ళి చేసుకుంటే అదే. ఒకసారి విభాగాధిపతి ఏదో మాటల మధ్య మమ్మల్నిద్దరినీ కలిపి ‘మీ మద్రాసీలు’ అన్నాడు. మూడు తరాలుగా ఇక్కడ ఉన్నవాళ్ళం, ఛత్తీస్‌గఢీలో కూరగాయలు బేరమాడేవాళ్ళం. నేను ఆ మాటే చెప్పబోయాను. అప్ప మాత్రం తాపీగా ఆయన ముందు ఫిల్టర్ కాగితం ఒకటి పెట్టి, హిందీలో, “వడగట్టి చూడండి సర్, మిగిలితే చెప్పండి,” అంది. ఆయనకి అర్థం కాలేదు. నాకు అయింది. ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాను.

రసాయనశాస్త్రం చదివినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. కడగడం. ఏది తయారుచేసినా, దాన్ని వడగట్టి, కిందకి దిగే నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలని మొదటి ఏడాదే నూరిపోస్తారు. నేను ఆ పాఠం బాగా ఒంటబట్టించుకున్నదాన్ని. నా పచ్చ పొడిని పొద్దున్నించి సాయంత్రం దాకా కడిగేదాన్ని. ఎండాకాలం నల్లాలో నీళ్ళు రాకపోతే, ఇంటి నుంచి క్యాను తెచ్చి మరీ కడిగేదాన్ని.

ఒకరోజు అప్ప వచ్చి నల్లా కట్టేసింది.

“ఒలే గుంటా, ఎంత కడుగుతావే? దాని పేనం పోయేదాకా కడుగుతావేటి?”

“శుభ్రంగా లేకపోతే ఫలితం తప్పుతుంది అప్పా.”

“శుబ్రమా? నాను పుట్టినకాడి నుంచి కడుగుతన్నాను. ఇంట్లో కడగడం, ఇక్కడ కడగడం. ఎక్కడ ఆపాలో నాకు తెలీదేటి? దాన్ని నూనిలో దింపాలంటావు. దానికి నూని తోక ఏదీ? ఉన్న కూసింత తోకా నువ్వే కడిగేస్తన్నావు.”

మర్నాడు ఒక పింగాణీ జాడీ పట్టుకొచ్చింది. చూస్తే ఆవకాయ జాడీ. మూత తీస్తే లోపల ముదురు గోధుమరంగులో పాకంలా చిక్కటి ద్రవం, ముక్కు అదిరే ఘాటు. సబ్బుపొడి చేసేవాళ్ళు యాసిడ్ స్లరీ అంటారు దాన్ని. సోడాతో కలిపితే బట్టలుతికే పొడి అవుతుంది. గుఢియారీలో వాళ్ళ అన్నయ్య షెడ్డులో పీపాలకి పీపాలు ఉండేది. దాని అణువుకి ఒక కొసన ఆమ్లం, రెండో కొసన నూనెతో కలిసే పొడుగాటి తోక. ఆ తోకే కదా బట్టకి పట్టిన జిడ్డుని పట్టుకునేది. ఆమ్లం కొస నా పచ్చ గొలుసుని పట్టుకుంటే, తోక దాన్ని జైలీన్‌లోకి లాక్కుపోతుందన్నది ఆవిడ లెక్క. ఇలాంటి ఆమ్లాల గురించి నేను పత్రికల్లో చదివాను. విదేశీ సీసాలో తెప్పించాలని అర్జీ కూడా పెట్టుకున్నాను. అది గుఢియారీలో పీపాల్లో ఉంటుందని, దాని పక్కనుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వస్తున్నానని నాకు తట్టలేదు. సిగ్గుపడాల్సిన విషయమే. అప్పుడు పడ్డాను, ఇప్పుడూ పడుతున్నాను.

మే నెల ఎండలో మొదలుపెట్టాం. గొలుసు కట్టేటప్పుడు బీకరు మంచులా చల్లగా ఉండాలి. అప్ప స్టేషను దగ్గర ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో దిమ్మ తెప్పించి, సుత్తితో కొట్టి, ఉప్పు జల్లి, తొట్టిలో బీకరు దించింది. నీళ్ళు, జైలీన్, స్లరీ, అనిలిన్ కలిపి తిప్పితే పాలలా తెల్లగా అయింది. అందులో నేను గొలుసు కట్టించే రెండో ద్రవాన్ని చుక్క చుక్కగా వేస్తున్నాను. తెలుపు గోధుమరంగయింది, గోధుమరంగు నీలమయింది, నీలం నెమ్మదిగా చిక్కటి పచ్చలోకి దిగింది. అంతసేపూ ఆవిడ నోరు మెదపలేదు.

కడిగే వంతు వచ్చింది. నేను నల్లా వైపు వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. కడిగిన నీళ్ళు కొన్ని టెస్ట్‌ట్యూబులో పోసి, బొటనవేలితో మూసి, పదిసార్లు గట్టిగా ఊపింది. నురగ ట్యూబు మూతి దాకా లేచింది.

“ఎక్కువున్నాది. ఇంకోపాలి.”

ఇంకోసారి కడిగాం. మళ్ళీ ఊపింది. ఇంకా ఎక్కువే. మూడోసారి నురగ తగ్గింది. తన చూపుడువేలు మొదటి కణుపు ఆ నురగ పక్కన పెట్టి చూసుకుంది. “సాలు. ఏలెడు నురగ. ఇంక నీటి బొట్టు తగిలిందంటే ఊరుకోను.”

వాళ్ళింట్లో సబ్బుపొడి పాకం అయిందా లేదా చూసే పద్ధతి అది. మా పొడికైతే, నురగ ఎక్కువైతే గొలుసుకి అంటుకోని ఆమ్లం మిగిలినట్టు. అసలు లేకపోతే అంటుకున్నది కూడా కొట్టుకుపోయినట్టు. నేను నోట్‌బుక్కు తీసి, స్కేలు తెచ్చి, ఆవిడ వేలు కొలిచాను. మొదటి కణుపు దాకా పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఆవిడకి నవ్వాగలేదు. “ఒలే, దీనికి స్కేలేటే?” అంది. నేను కొలత రాసుకుని కింద గీత కూడా గీశాను.

పొడి ఆరాక జైలీన్‌లో వేశాం. తిప్పాం. అడుగున ఏమీ లేదు. నేను గరాటు వైపు చెయ్యి చాస్తే ఈసారి ఆవిడే తటపటాయించింది. రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ కళ్ళలో భయం చూశాను. పోశాను. పచ్చగా పోసింది పచ్చగానే దిగింది. కాగితం మీద మరక తప్ప మడ్డి లేదు. ఆ ద్రవాన్ని గాజుపలక మీద పోసి ఆరబెడితే నున్నటి పచ్చ పొర వచ్చింది. దానికి రెండు చివర్లా క్లిప్పులు పెట్టి, చిన్న బ్యాటరీకి, ఎర్రటి బుల్లి దీపానికి కలిపాం. దీపం మినుకుమని వెలిగింది. పెద్ద వెలుగేం కాదు, చేత్తో నీడపెట్టి చూస్తే కనబడేంత. అప్ప ఆ దీపం వైపు చూడలేదు. నా బల్ల మీది తోరణం దగ్గరికి వెళ్ళి, రెండేళ్ళ పచ్చ కాగితాలన్నీ ఒక్కొక్కటే పీకి చెత్తబుట్టలో వేసింది.

వానాకాలంలో నా సెమినారు పెట్టారు. బయటి రాష్ట్రం నుంచి పెద్ద నిపుణుడొకాయన వచ్చాడు. నేను స్లరీ మాట చెప్పగానే హాలులో నవ్వులు. ‘సబ్బుపొడిలో వేసేదా?’ అని ఆయన రెండుసార్లు అడిగాడు. తరవాత సీసా ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకుని, ఇది ద్రావణం కాదమ్మా, సన్నటి మడ్డి తేలుతోంది, నువ్వు పొరబడ్డావు అన్నాడు.  గైడు గారు తల దించుకుని కాగితాలు సర్దుకుంటున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. రెండేళ్ళ పైచిలుకు నా బతుకు ఆ ఒక్క మాట మీద వేలాడుతోంది, అందరూ టీ కోసం లేవబోతున్నారు.

టీ కప్పుల పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది అప్ప. ఆ పళ్ళెం తీసుకెళ్ళి నేరుగా ఆయన ముందు పెట్టింది. పళ్ళెంలో టీ కప్పులు లేవు. గాజు గరాటు ఉంది, మా ల్యాబులో ఉన్నవాటిల్లోకెల్లా సన్నటి రంధ్రాల గాజుబిళ్ళ బిగించినది. దాని పక్కన గాలి పీల్చే చిన్న పంపు, ఒక సీసా.

“ఛాన్ కే దేఖ్ లీజియే, సర్,” అంది. వడగట్టి చూసుకోండని.

 ఎవరో ఆవిడని వెళ్ళిపొమ్మని సైగ చేశారు. ఆవిడ కదల్లేదు. ఆ సీసా హోలీకి ముందు… కాదు, తప్పు చెప్తున్నాను, హోలీకి మేమింకా మొదలే పెట్టలేదు. మొదటి వాన పడిన రోజు కిటికీలో నిలబెట్టిన సీసా అది, అప్పటినుంచి ఎవరూ కదపలేదు. అడుగు చూడమంది. ఆయన చూశాడు. గాజు శుభ్రంగా ఉంది. నవ్వుతూనే గరాటులో పోశాడు. పంపు తిప్పితే ద్రవం మొత్తం, అదే పచ్చతో, కిందకి దిగింది. ఆయన గాజుబిళ్ళని వేలితో రాసి చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు. నవ్వు పోయింది.

‘ఈ పద్ధతి మీకెవరు నేర్పారు?’ అని ఆవిణ్ణి అడిగాడు, హిందీలోనే.

“బట్టలుతికేవాళ్ళు,” అంది. అప్పుడు వెళ్ళి టీ తెచ్చింది.

కథ అక్కడితో అయిపోతే ఎంత బావుండేది. అవలేదు. తప్పు నా వల్లే జరిగింది.

థీసిస్ రాసేటప్పుడు గైడు గారు ఒక వాక్యం మార్చమన్నారు. గుఢియారీ స్లరీ అనీ, వేలెడు నురగ అనీ రాస్తే పరువు పోతుందన్నారు. స్వచ్ఛమైన ఆమ్లాన్ని విదేశీ సంస్థ నుంచి తెప్పించి వాడినట్టు, తేటనీళ్ళు వచ్చేదాకా కడిగినట్టు రాయమన్నారు. పేరు ఒకటే కదా, లోపలున్నది ఒకటే కదా అన్నారు. నేను అలిసిపోయి ఉన్నాను. మార్చేశాను.

బైండింగుకి పంపే ముందు కాగితాలు వరసలో పేర్చే పని అప్పకి అప్పజెప్పారు. సాయంత్రం ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషు వాక్యాలు ఆవిడకి రావు. కానీ ఆమ్లం పేరు పక్కన ఏముండాలో, ఏం లేదో కనిపెట్టేసింది.

“ఇదేటే?”

“సర్ మార్చమన్నారు అప్పా. రెండూ ఒకటే ఆమ్లం కదా.”

“ఒకటేనా? నువ్వు అర్జీ పెట్టిన సీసా వచ్చింది గదా. దాంతో సెయ్యి. నా ముందు సెయ్యి.”

మర్నాడు చేశాం. ఆ సీసాతో, కాగితంలో రాసినట్టే, తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి. జైలీన్‌లో వేస్తే అడుగంటిన పప్పులా గడ్డలు గడ్డలుగా తేలింది. ఫిల్టర్ కాగితం మీద అంతా మిగిలిపోయింది. అతిగా కడగడం వల్ల అని నాకు తెలుసు. స్లరీలో ఉండిపోయే కొద్దిపాటి నూనె కూడా సాయం చేసి ఉంటుందని అనుమానం, దాన్ని ఇప్పటికీ రుజువు చెయ్యలేకపోయాను. అప్ప ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

“ఎక్కడో ఏదో ఊళ్ళో నీలాటి గుంట ఒకత్తి ఉంటాది. నీ పుస్తకం సూసి ఇదే సేస్తాది. రెండేళ్ళు ఏడుస్తాది. తప్పు తనదే అనుకుంటాది. ఆ ఏడుపు నీకు కావాలేటి?”

నేను ఏడ్చాను. తరవాత కాగితం చింపేశాను. గైడు గారి గదికి వెళ్ళి, చేసిందే రాస్తానని చెప్పాను. అయితే సంతకం పెట్టనన్నారు. పెట్టకండి అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేను. ఎనిమిది నెలలు ఆ కట్ట నా బల్ల మీద అలాగే పడి ఉంది. ఫెలోషిప్ గడువు అయిపోయింది, ఇంట్లో నాన్న మాట్లాడ్డం మానేశారు. మాతోటి పిల్లలు పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. అప్ప రోజూ ఆ కట్ట మీద దుమ్ము తుడిచేది. ఖాళీగా ఎందుకని మళ్ళీ మళ్ళీ అదే ప్రయోగం చేయించేది. ప్రతిసారీ కరిగింది.

ఇంకో తగువు కూడా పెట్టుకున్నాను. కృతజ్ఞతల పేజీలో ఆవిడ పేరు వేస్తానన్నాను. ప్రొఫెసర్ల సరసన ల్యాబు అటెండరు పేరా అన్నారు గైడు గారు. ఇది తెలిసి నన్ను తిట్టింది అప్పే.

“రెండు తగువులు ఒక్కపాలి పెట్టుకుంటారేటే? నా పేరు కొట్టేస్తారు, దాంతోపాటు నురగా కొట్టేస్తారు. పేరు ఒగ్గెయ్యి. నురగ రాయి. అది సూసి ఎవులో ఒకళ్ళు సేస్తారు.”

చివరికి ఒకరోజు గైడు గారు నా మొహం చూడకుండా, నీ ఖర్మ అని సంతకం పెట్టేశారు. డెబ్భై నాలుగో పేజీలో నురగ ఉంది. గుఢియారీ ఉంది. పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉంది. ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఆ మాట ఒప్పుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఆవిడ చెప్పింది కాబట్టి అన్న సమాధానం నాకు సరిపోదు.

తరవాత నాకు మందిర్ హసౌద్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, దేవేంద్ర నగర్‌లో కాపురం పెట్టాను. అప్ప రిటైరై అన్నయ్య ఇంట్లోనే ఉండేది. వెళ్ళినప్పుడల్లా ఒకటే ప్రశ్న. “ఎవులైనా సేసినారేటి?” లేదప్పా అనేదాన్ని. “సేస్తారు. కాయితం ఉన్నాది గదా,” అనేది, నన్ను ఓదారుస్తున్నట్టు.

కిందటేడు ఒక మెయిలు వచ్చింది. ఎక్కడో కోస్తా జిల్లాలో ఒక చిన్న ఊరి కాలేజీ నుంచి, పరిశోధన చేస్తున్న అమ్మాయి. మేడమ్, మీ థీసిస్ ఆన్‌లైన్‌లో చూశాను, డెబ్భై నాలుగో పేజీలో ఉన్నట్టే చేశాను, మా ఊళ్ళో సబ్బుపొడి చేసే ఆయన దగ్గర స్లరీ తెచ్చాను, కరిగింది అని రాసింది. చివర్లో ఒక ప్రశ్న. ఈ పద్దెనిమిది మిల్లీమీటర్లు ఎక్కడివి? ఇలాంటి కొలత ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరిదైతే వాళ్ళ పేరు నా థీసిస్‌లో రాయాలి, మా సర్ అక్కర్లేదంటున్నారు, అయినా నేను రాస్తాను.

ఆ ‘అయినా’ చదివి నేను ఆటో ఎక్కి గుఢియారీ వెళ్ళాను. అప్ప మంచం మీద ఉంది. మనిషి పిడికెడయిపోయింది. వేళ్ళ రంగు ఎప్పుడో పోయింది. మెయిలు చదివి వినిపించాను. కళ్ళు చెమరుస్తాయనుకున్నాను. ఏం లేదు.

“కరిగిందా, తేలిందా?”

“కరిగిందని రాసింది అప్పా.”

“వడగట్టిందేటి?”

“అది రాయలేదు.”

“అడుగు మరి. ఒక్కపాలి కరిగితే అదృష్టం. మూడుపాల్లు సెయ్యమను. మూడుపాల్లూ వడగడితే దిగిందంటే అప్పుడు నా పేరు సెప్పు. ముందు సెప్పకు.”

“ముందు చెప్తే ఏమవుతుంది?”

“పేరు సూసి నమ్మేస్తాది. సూసి నమ్మకూడదే, సేసి నమ్మాల.”

ఆ అమ్మాయికి అలాగే రాశాను. ఆమె నొచ్చుకోలేదు. రెండోసారి కరిగిందని వానాకాలంలో రాసింది. ఆ మాట అప్పకి చేరవేశాను. మూడోసారికి ఆమెకి అనిలిన్ దొరక్క ఆలస్యమైంది. ఇంతలో అప్ప పోయింది. మంచం మీద, పగటిపూట, వదినగారు గంజి తేవడానికి లేచి వెళ్ళిన కాస్సేపట్లో. నాకు వాళ్ళ అన్నయ్యే ఫోను చేసి చెప్పాడు. తరవాత ఆ నల్ల అంచు సందేశం వచ్చింది.

నిన్న ఆ అమ్మాయి ఫొటో పంపింది. మూడు ఫిల్టర్ కాగితాలు వరసగా పెట్టి తీసింది. మూడింటి మీదా మరక తప్ప మడ్డి లేదు. పేరు పంపాను. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తగ్గించకుండా. ఆమె సర్ కొట్టేస్తారేమో తెలియదు. కొట్టేస్తే ఏం చెయ్యాలో ఆమెకి నేను చెప్పక్కర్లేదు, తెలిసిన పిల్లలాగే ఉంది.

ఇక్కడ మాత్రం ఆవిడ పేరు రాయను. సంతాప సందేశాలు పెట్టేవాళ్ళకి అసలు చెప్పను. కావలసినవాళ్ళు స్లరీ తెచ్చుకోండి, బీకరు మంచులో పెట్టుకోండి, వేలెడు నురగ దగ్గర కడగడం ఆపండి. వడగట్టండి. మూడుసార్లూ దిగితే నాకు రాయండి. అప్పుడు చెప్తాను.